ఇంటికి కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్: మీ నట్టుకు సరిపోయే సైజు ఎంచుకోవడం ఎలా?

"అన్నయ్యా, వెయ్యి న్యూటన్ మీటర్లది కొనేస్తే ఇక ఏ గొడవా ఉండదు కదా?" అని నాయుడుపేటలో ఉండే మా పిన్ని కొడుకు మొన్న ఫోనులో అడిగాడు. వాడికి ఉన్నవి ఒక చిన్న కారు, ఒక స్కూటరు. ఇక్కడ చెన్నైలో, వేళచ్చేరిలోని మా అపార్ట్‌మెంట్ సెల్లారులో కూడా ఇదే ప్రశ్న పదే పదే వినిపిస్తోంది. ఎన్ని వోల్టులది, ఎన్ని న్యూటన్ మీటర్లది (తిప్పే బలానికి కొలత ఇది), సాకెట్ తగిలించే ఇరుసు అరంగుళమా, అంతకంటే చిన్నదా? అందరినీ నేను తిరిగి అడిగేది ఒకటే: మీ ఇంట్లో అన్నిటికంటే మొండి నట్టు ఏది, అది ఎంత బలానికి కదులుతుంది? అది తెలియకుండా దుకాణానికి వెళితే, పెట్టె మీద పెద్ద అంకె ఉన్నదే ఇంటికి వస్తుంది.

ఇంపాక్ట్ రెంచ్ అంటే నట్లు, బోల్టులు విప్పే యంత్రం. దాని లోపల ఒక ఇనుప దిమ్మ తిరుగుతూ, సాకెట్ (నట్టుకు తొడిగే గిన్నె లాంటి ముక్క) తగిలించే ఇరుసును నిమిషానికి వేల సార్లు సుత్తిలా కొడుతుంది. ఆ దెబ్బలకు తుప్పు పట్టు వదులుతుంది, మీ మణికట్టు మాత్రం మెలి తిరగదు. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- కారుతో వచ్చిన వీల్ స్పానర్, లేదా 45 నుంచి 60 సెంటీమీటర్ల పొడవున్న హ్యాండిల్, సరైన సాకెట్
- ప్రయాణాలకు సూట్‌కేసు బరువు తూచే వేలాడే డిజిటల్ త్రాసు (50 కిలోలది)
- టేపు, కాగితం, పెన్ను
- మీ కారు సూచనల పుస్తకం
- తర్వాత బిగించడానికి టార్క్ రెంచ్, అంటే మనం పెట్టిన బలం రాగానే టిక్కుమనే చేతి పానా. ఇది కొనడానికి డబ్బు చాలదనుకుంటే ఇంపాక్ట్ రెంచ్‌నే కొన్నాళ్లు వాయిదా వేయండి. రెండూ కలిసే రావాలి.

1. పనుల జాబితా రాయండి

వచ్చే ఏడాదిలో నిజంగా చేయబోయే పనులనే రాయండి. కారు చక్రాలు మార్చడం, మంచం విప్పి మరో ఇంటికి తీసుకెళ్లడం, సామాన్ల ఇనుప ర్యాకు బిగించడం, మోటారు సైకిలు వెనక చక్రం విప్పడం, మిద్దె మీద నీళ్ల ట్యాంకు స్టాండు బోల్టులు. మామూలుగా ఇంతకు మించవు.

వీటిలో చాలావాటికి పెద్ద బలం అక్కరలేదు. 13 నంబరు పానా పట్టే ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) బోల్టు గట్టి రకమైనా 25 న్యూటన్ మీటర్ల దగ్గర బిగిసిపోతుంది. 17 నంబరు పట్టే ఎం10కి 50, 19 నంబరు పట్టే ఎం12కి సుమారు 85. కారు లేని ఇంటికి చిన్న యంత్రం సరిపోయేది ఇందుకే. సైజును నిర్ణయించేది కారు చక్రమే.

జాబితాలో మరలు ఎక్కువగా ఉంటే మీకు కావలసినది ఇంపాక్ట్ డ్రైవర్. దానికి ముందు భాగంలో పావు అంగుళం ఆరు పలకల రంధ్రం ఉంటుంది, రెంచ్‌కు నాలుగు పలకల ఇరుసు ఉంటుంది. డ్రైవర్‌కు అడాప్టర్ తగిలించి చక్రాల నట్లు విప్పుతామని చాలామంది అనుకుంటారు. రెండు మూడు సార్లు పని జరుగుతుంది, ఆ తర్వాత అడాప్టర్ మెడ దగ్గర విరుగుతుంది.

2. మీ మొండి నట్టును కొలవండి

కొందరు వదిలేసేది ఈ మెట్టునే. అరగంట పని, ఆదివారం ఉదయం సరిపోతుంది.

చదునైన చోట కారు నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టండి. చక్రాల కింద రాళ్లో చెక్కలో అడ్డం పెట్టండి. జాకీ ఎత్తకండి, చక్రం నేల మీదే ఉండాలి. వీల్ స్పానర్‌ను నట్టుకు పూర్తిగా లోపలిదాకా తొడిగి, చేతిపిడి మీ కుడివైపుకు, నేలకు సమాంతరంగా ఉండేలా అమర్చండి. పిడి చివర త్రాసు కొక్కెం తగిలించి నిటారుగా పైకి లాగండి. నట్టు అపసవ్యంగా తిరగాలి కాబట్టి కుడివైపు నుంచి పైకి లాగితేనే వదులవుతుంది. నడుము వంచి లాగవద్దు. మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, కాళ్ల బలంతో లేవండి. కొక్కెం జారితే ఎగిరి తగలకుండా ముఖాన్ని పక్కకు ఉంచండి.

నట్టు కదిలిన క్షణంలో త్రాసు చూపిన కిలోలను రాసుకోండి. నట్టు మధ్య నుంచి కొక్కెం వరకు దూరాన్ని మీటర్లలో కొలవండి. కిలోలను 10తో, తర్వాత దూరంతో హెచ్చవేస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. కచ్చితంగా 9.8తో హెచ్చవేయాలి కానీ, మన అవసరానికి 10 చాలు.

మా కారు లెక్క చెబుతాను. 45 సెంటీమీటర్ల హ్యాండిల్‌తో ముందు చక్రాల నట్లన్నీ 28 కిలోల దగ్గర వదిలాయి. అంటే సుమారు 125 న్యూటన్ మీటర్లు. వెనక ఎడమ చక్రంలో ఒక నట్టు మాత్రం 40 దాటినా ఉలకలేదు. త్రాసు 46 చూపుతుండగా టక్కుమని శబ్దం వచ్చి, నట్టు మర అంచు నుంచి ఇటుక రంగు పొడి నా చెప్పు మీద రాలింది. 46ను 10తో, 0.45తో హెచ్చవేస్తే 207. ఆ చక్రాన్ని చివరిసారి బిగించింది ఒక టైర్ల దుకాణంలో గాలి తుపాకీతో, అంటే గాలి ఒత్తిడితో నట్లు తిప్పే యంత్రంతో. సూచనల పుస్తకం చెప్పినదానికి అది దాదాపు రెట్టింపు. గత సంక్రాంతికి నెల్లూరు వెళుతూ సూళ్లూరుపేట దాటాక పంక్చరు అయినప్పుడు, అరవై తొమ్మిదేళ్ల మా నాన్నగారు, నేను కలిసి కదపలేకపోయినది ఆ నట్టునే. లారీ క్లీనరు ఒకతను ఆగి, పొడవాటి పైపు తెచ్చి విప్పిపెట్టాడు. జాతీయ రహదారి 16 మీద చీకట్లో ఆ నలభై నిమిషాలు మా అమ్మ కారు పక్కన నిలబడి వచ్చే పోయే లారీలను చూస్తూ ఉండటం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఈ యంత్రం గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నది అందుకే.

త్రాసు లేకపోతే ఇంకో దారి ఉంది. పిడిని ఎడమవైపుకు అమర్చి, కారును గట్టిగా పట్టుకుని, ఒక కాలితో మెల్లగా బరువు మోపండి. 65 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పిడి చివర పూర్తిగా నిలబడితే 195 న్యూటన్ మీటర్లు పడతాయి. సగం బరువుకే వదిలితే సుమారు 100. గెంతడం, తన్నడం మాత్రం వద్దు. సాకెట్ జారితే నట్టు మూలలు అరిగిపోతాయి, మీ కాలూ దెబ్బతింటుంది.

త్రాసు 50 దాటి లెక్క చూపడం మానేస్తే 60 సెంటీమీటర్ల హ్యాండిల్ తీసుకోండి. దానితో 300 వరకు కొలవవచ్చు. అప్పటికీ కదలకపోతే తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా ఉంచండి. తిరువాన్మియూర్, బెసెంట్ నగర్ లాంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాల కార్లలోనూ, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నీళ్లలో నానిన కార్లలోనూ ఇలాంటి నట్లు దొరుకుతాయి.

కొలిచిన ప్రతి నట్టునూ తిరిగి బిగించాకే కారు కదపండి.

3. ఆ అంకెను రెట్టింపు చేయండి

పెట్టె మీద రాసిన బలం, బ్యాటరీ నిండుగా ఉండి, సాకెట్ నేరుగా తగిలించి, కొన్ని సెకన్లపాటు కొట్టినప్పుడు వచ్చేది. మీ సెల్లారులో బ్యాటరీ సగానికి దిగి ఉంటుంది, యంత్రానికీ సాకెట్‌కూ మధ్యలో పొడవు పెంచే ఎక్స్‌టెన్షన్ కడ్డీ ఉంటుంది. ప్రతి కీలు దగ్గరా దెబ్బ కొంత నీరసిస్తుంది. అందుకే మీరు కొలిచినదానికి రెట్టింపు విప్పే బలం ఉన్న యంత్రాన్ని చూడండి. నా లెక్కలో 207కి 400 పైచిలుకు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. చాలా యంత్రాలకు రెండు అంకెలు ఉంటాయి: బిగించే బలం ఒకటి, విప్పే బలం ఇంకొకటి. విప్పే అంకె ఎప్పుడూ పెద్దది, ప్రకటనల్లో కనిపించేది అదే. ఉదాహరణకు మకిటా డీటీడబ్ల్యూ300కు బిగించే బలం 330, విప్పే బలం 580 న్యూటన్ మీటర్లు. రెండు కంపెనీల యంత్రాలను పోల్చేటప్పుడు ఒకదాని విప్పే అంకెను మరొకదాని బిగించే అంకెతో పోల్చవద్దు. కొన్ని పెట్టెల మీద అడుగు పౌండ్లలో ఉంటుంది, దాన్ని 1.36తో హెచ్చవేయండి. కారు పుస్తకంలో కిలోగ్రాముల బలం మీటర్లలో ఉంటే 9.8తో హెచ్చవేయండి.

4. లెక్కను బట్టి సైజు

*మూడు ఎనిమిదో వంతు అంగుళం, 12 వోల్టులు:* సుమారు 100 నుంచి 150 న్యూటన్ మీటర్లు, బరువు కిలో పైచిలుకు. మంచాలు, ర్యాకులు, స్కూటరు పనులకు హాయిగా ఉంటుంది. కారు చక్రాలకు దీన్ని నమ్ముకోవద్దు.

*అరంగుళం, 18 వోల్టులు, చిన్న రకం:* 190 నుంచి 250. మకిటా డీటీడబ్ల్యూ190 ఈ కోవలోది, 190 న్యూటన్ మీటర్లు. చక్రాలను ఎప్పుడూ టార్క్ రెంచ్‌తోనే బిగించుకునే వారికి, మోటారు సైకిళ్ల పనికి సరిపోతుంది. బయట గాలి తుపాకీతో బిగించిన నట్టు దగ్గర మొరాయిస్తుంది.

*అరంగుళం, 18 వోల్టులు, మధ్య రకం:* బిగించే బలం 300 నుంచి 450, విప్పే బలం ఇంతకంటే ఎక్కువ. కారున్న ఇంటికి నా సలహా ఇదే. బ్యాటరీతో కలిపి రెండు, రెండున్నర కిలోలు ఉంటుంది. మా తమ్ముడికీ ఇదే చెప్పాను.

*700 దాటినవి, ముప్పావు అంగుళంవి:* లారీలు, ట్రాక్టర్లు, నిర్మాణ పనుల కోసం. చాలావరకు మూడు కిలోలు దాటుతాయి. ఎక్కువ బలముంటే పోయేదేముందని అడుగుతారు. పోయేది నట్టు, అది ఎక్కే మర కడ్డీ, అంటే స్టడ్డు. 100 న్యూటన్ మీటర్లు చాలిన ఎం12 స్టడ్డు మీద ఇలాంటి యంత్రం వేలు తీసేలోగా రెండింతలు దాటేస్తుంది. స్టడ్డు సాగినా బయటికి కనిపించదు.

ఏది కొన్నా కనీసం రెండు మూడు వేగాల మీట, వేలి నొక్కుడును బట్టి మారే ట్రిగ్గర్ ఉన్నది చూడండి. కార్బన్ బ్రష్‌లు లేని మోటారైతే మేలు: వేడి తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

5. వోల్టుల అంకెను నమ్మకుండా చార్జర్ చూడండి

పేరు తెలియని యంత్రాల మీద 48, 88, 388 అని పెద్ద అక్షరాలతో రాసి, పక్కన చిన్నగా ఏదో అక్షరం చేరుస్తారు. అవి వోల్టులని అనుకోవద్దు. చార్జరును తిప్పి వెనక చీటీ చదవండి. బయటికిచ్చే విద్యుత్తు 21 వోల్టులని ఉంటే లోపల ఐదు సెల్లుల వరుస ఉన్నట్టు, అంటే మామూలు 18 వోల్టుల యంత్రమే. పేరున్న కంపెనీల్లోనూ "20 వోల్ట్ మ్యాక్స్" అన్నది 18 వోల్టులదే. సెల్లులు నిండుగా ఉన్నప్పటి లెక్క ఒకటి, సగటు లెక్క ఇంకొకటి, అంతే తేడా.

బ్యాటరీ 4 యాంపియర్ అవర్లది (నిల్వ సామర్థ్యానికి కొలత ఇది) తీసుకోండి. ఒకటిన్నర, రెండు ఉన్న చిన్న బ్యాటరీ త్వరగా అయిపోవడం ఒక్కటే లోపం కాదు, ఒక్కసారిగా కావలసినంత విద్యుత్తు ఇవ్వలేక దెబ్బనే బలహీనం చేస్తుంది.

ఇంట్లో ఇప్పటికే అదే కంపెనీ డ్రిల్ ఉంటే బ్యాటరీ లేని ఒట్టి యంత్రం కొని డబ్బు మిగుల్చుకోవచ్చు. అయితే బ్యాటరీని దుకాణానికి తీసుకెళ్లి తగిలించి చూడండి. బాష్‌లో నీలం రంగు పనిముట్ల 18 వోల్టుల బ్యాటరీ ఆకుపచ్చ రంగు వాటికి పట్టదు. ఒకే కంపెనీ, ఒకే వోల్టులు అయినా సరే.

6. చేతిలో పట్టి చూడండి

పారిస్ కార్నర్ వైపు జార్జిటౌన్ వీధుల్లో పనిముట్ల దుకాణాలు చాలా ఉన్నాయి. సాకెట్లు, కార్ల సామాన్లు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొనాలనుకున్నా ఒకసారి అక్కడ పట్టి చూసి రండి. బ్యాటరీ తగిలించి, చక్రం ఎత్తులో కూర్చున్నట్టు కూర్చుని, ఒంటి చేత్తో ఒక నిమిషం పట్టుకోండి. చెయ్యి వణికితే ఇరవై నట్లు మీవల్ల కాదు. ఇంట్లో ఇంకెవరైనా వాడేటట్టయితే వాళ్లనూ తీసుకెళ్లండి. చెన్నైలో సర్వీసు కేంద్రం ఎక్కడుందో, వారంటీలో బ్యాటరీ ఉందో లేదో బిల్లు రాసేలోపే అడగండి.

7. సాకెట్లు వేరు

తళతళ మెరిసే మామూలు సాకెట్లు చేతి పానాల కోసం చేసినవి. ఇంపాక్ట్ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగరవచ్చు. నల్లగా, మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి. మారుతి చిన్న కార్లకు 19, హ్యుందాయ్ కార్లకు 21 సైజు పడుతుంది. మీ కారుది తొడిగి చూసుకోండి. అల్లాయ్ చక్రాలకు లోతైన, పలుచని గోడ ఉండి పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నది తీసుకుంటే గీతలు పడవు.

8. ఇంటికి తెచ్చిన వారంలోనే పరీక్షించండి

వాపసు గడువు లోపల చేయాలి. బ్యాటరీని సగం వరకు వాడేశాక మీ మొండి నట్టు దగ్గరికి వెళ్లండి. కళ్లకు రక్షణ అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. సెల్లారులో ఈ శబ్దం గోడలకు కొట్టుకుని రెట్టింపవుతుంది, మధ్యాహ్నం నిద్రపోయే ఇరుగుపొరుగును కూడా గుర్తుంచుకోండి.

రెండు మూడు సెకన్లలో నట్టు వదిలితే సైజు సరిగ్గా కుదిరినట్టు. ఐదు సెకన్లు దాటినా కదలకపోతే ఆపేయండి. ముందు చూడవలసినవి: మీట విప్పే వైపు ఉందా, వేగం పెద్దదానిలో ఉందా, సాకెట్ వదులుగా ఊగుతోందా, మధ్యలో అనవసరపు ఎక్స్‌టెన్షన్ ఉందా. ఇవన్నీ సరిగా ఉండి, నిండు బ్యాటరీతోనూ మొరాయిస్తే పై సైజుకు మార్చుకోండి. ట్రిగ్గర్ తాకీ తాకగానే నట్టు ఎగిరి పడుతుంటే మీ పనికి అది ఎక్కువైంది.

దొంగల భయానికి వేసే ప్రత్యేక తాళపు నట్టు మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. దాని తాళం సాకెట్ విరిగితే చక్రం విప్పడానికి మళ్లీ ఒక మెకానిక్కు దగ్గరికే వెళ్లాలి.

9. విప్పడం యంత్రంతో, బిగించడం చేతితో

చక్రం తిరిగి పెట్టేటప్పుడు ప్రతి నట్టునూ ముందు వేళ్లతో మూడు నాలుగు చుట్లు తిప్పండి. నేరుగా యంత్రంతో మొదలుపెడితే మర అడ్డంగా పట్టి స్టడ్డు పాడవుతుంది. ఆ తర్వాత అతి తక్కువ వేగంలో నట్టు చక్రానికి ఆనేవరకు మాత్రమే తిప్పి, మొదటి దెబ్బ వినపడగానే వదిలేయండి. జాకీ దించి, టార్క్ రెంచ్‌తో ఒకదానికి ఎదురుగా ఉన్నదాన్ని బిగిస్తూ పూర్తి చేయండి. ఎంత బలమన్నది మీ పుస్తకంలోదే: ఇటీవలి చాలా హ్యుందాయ్ కార్లకు 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు, చిన్న కార్లలో కొన్నిటికి 100 లోపు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. యంత్రంతో గట్టిగా బిగించేసి, ఆపైన టార్క్ రెంచ్ పెట్టి, టిక్కుమనగానే సరిపోయిందని అనుకుంటారు. 200 దగ్గర బిగిసిన నట్టు మీద 100కు పెట్టిన టార్క్ రెంచ్ కూడా టిక్కుమనే అంటుంది. అది తక్కువ కాలేదని మాత్రమే చెబుతుంది, ఎక్కువైందని చెప్పలేదు. నట్టు కొంచెమైనా తిరిగి, ఆ తర్వాత టిక్కుమంటేనే లెక్క. తిరగకుండానే అంటే వదులు చేసి మళ్లీ బిగించండి. పని అయ్యాక టార్క్ రెంచ్‌ను దాని కనిష్ఠ అంకెకు దించి పెట్టండి, దానితో నట్లు విప్పకండి.

ఈ యంత్రం తాకకూడని చోట్లు

వంట గ్యాసు గొట్టాలు, రెగ్యులేటర్ బిగింపులు, ఏసీ రాగి గొట్టాల నట్లు, నీళ్ల కుళాయిలు, స్పార్క్ ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్ కింద తీసే బోల్టు. వీటికి చేతి పానాయే. ఇంజిన్ అడుగున అల్యూమినియం మర ఒక్కసారి కొట్టుకుపోతే ఆ ఖర్చు యంత్రం ధరను మించవచ్చు. జాకీ మీద మాత్రమే నిలబడిన కారు కిందకు ఏ కారణంతోనూ దూరకండి.

మే నెలలో బ్యాటరీని డిక్కీలో వదలవద్దు. 50 డిగ్రీలు దాటే చోట ఉంచవద్దని సూచనల పుస్తకాల్లో ఉంటుంది, ఎండలో నిలిపిన కారు లోపల అది మామూలే. ప్రయాణానికి ముందు పెట్టుకుని, దిగాక తీసేయండి.

చక్రం మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి టార్క్ రెంచ్‌తో మళ్లీ ఒకసారి చూడండి. నేను మొదటిసారి బిగించగానే ప్రతి నట్టు మీద నుంచి చక్రం మీదికి తెల్ల పెయింటు పెన్నుతో ఒక చిన్న గీత గీస్తాను. టీ కోసం ఆగిన చోట కిందకు వంగి చూస్తే చాలు, గీత తెగి పక్కకు జరిగి ఉంటే ఆ నట్టు వదులవుతున్నట్టు.